‘కృష్ణా రామా’ అనుకుంటూ కూర్చోవాలా?

(వృద్ధ స్త్రీల హక్కులపై జరిగిన ఒక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి మనం పింఛన్ల గురించీ, ఆస్తి రాయించుకుని తల్లిని బయటికి నెట్టిన కొడుకుల గురించీ, కంటి ఆపరేషన్ల గురించీ మాట్లాడుకున్నాం. అన్నీ అవసరమైన మాటలే. నేను మాట్లాడబోయేది వీటి పక్కన పెడితే చాలా చిన్న విషయంగా కనిపిస్తుంది. ముసలితనంలో సరదా, సంబరం, ముచ్చట. అరవై అయిదో డెబ్భయ్యో దాటిన స్త్రీ పొద్దున్న లేచినప్పుడు ఆ రోజు కోసం ఎదురుచూడటానికి ఏదన్నా ఉందా? ఉంటే అది ఎక్కణ్ణుంచి వస్తోంది? లేకపోతే దాన్ని ఎవరు తీసేశారు? ఇది హక్కుల సంఘాలు పట్టించుకోవలసిన ప్రశ్నేనని నా వాదన.

మన భాషలో ముసలివాళ్లకి చెప్పే మాటలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. ‘ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది’. ‘ఈ వయసులో ఇంకా ఏం ముచ్చట్లు?’ ‘కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చోక!’ ఈ చివరి మాట మగవాళ్లనీ అంటారు. కానీ మగవాడికి మూల అంటే రచ్చబండ, టీ కొట్టు, గ్రంథాలయం, పార్కులో బెంచీ. నలుగురు కూర్చుని పేపరు చదివి ప్రభుత్వాన్ని తిట్టుకోవచ్చు. ఆడవాళ్లకి మూల అంటే నిజంగానే మూల, అది కూడా వంటింటికి దగ్గరగా ఉన్న మూల. ‘కృష్ణా రామా’ అంటూ ఊరికే కూర్చోనివ్వరు కూడా. చిక్కుడుకాయలకి ఈనెలు తియ్యాలి, మనవణ్ణి స్కూలు బస్సు దగ్గర దింపాలి, కోడలు ఆఫీసు నుంచి వచ్చేలోగా పప్పు ఉడికించి పెట్టాలి. ఉద్యోగం చేసిన మగవాడికి 58కో 60కో రిటైర్మెంటు ఉంటుంది. ఇంటి చాకిరీకి లేదు. టీవీ సీరియలు చూస్తూ ఈనెలు తీస్తున్న గంటని విరామం కింద రాయాలా, పని కింద రాయాలా? 2019లో మన దేశంలో మొదటిసారి దేశవ్యాప్తంగా కాల వినియోగ సర్వే జరిగింది. దాని పట్టికలు చూసినప్పుడల్లా నాకు ఈ చిక్కుడుకాయలే గుర్తొస్తాయి.

చట్టం ఏం చెబుతోందో చూద్దాం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అందులో ‘పోషణ’ అంటే ఏమిటో నిర్వచించారు: తిండి, బట్ట, నివాసం, వైద్యం. పిల్లల నుంచి కోరి తెచ్చుకోగలిగేవాటిలో ఆ నిర్వచనం పేరుపెట్టి చెప్పింది ఈ నాలుగే. అదే చట్టంలో ‘సంక్షేమం’ అన్న మాటకి ఇంకో నిర్వచనం ఉంది. దాన్లో తిండి, ఆరోగ్యంతోపాటు వినోద కేంద్రాలు కూడా వచ్చాయి. చట్టం రాసినవాళ్లకి వినోదం అన్న మాట తట్టకపోలేదన్నమాట. కానీ ట్రిబ్యునలు ముందుకి వెళ్లి ‘నా కొడుకు అన్నం పెడుతున్నాడు, గడప దాటనివ్వటం లేదు’ అని ఏ తల్లన్నా అంటే ఆ ఫిర్యాదుని ఏ గడిలో రాస్తారు? ఐక్యరాజ్యసమితి 1991లో వృద్ధుల కోసం ఆమోదించిన సూత్రాల్లో విద్య, సంస్కృతి, వినోదం అందుబాటులో ఉండాలని స్పష్టంగా ఉంది. మన దగ్గర అక్టోబరు 1న వృద్ధుల దినోత్సవం జరిపి, శాలువా కప్పి, యాపిల్ పళ్లు ఇచ్చి పంపిస్తాం. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో అరవై దాటినవాళ్లు దాదాపు 10.4 కోట్లు, అందులో స్త్రీలు సుమారు 5.3 కోట్లు. శాలువాలు చాలవు.

ఇప్పుడు ఒక బస్సు ప్రయాణం గురించి కొంచెం వివరంగా చెబుతాను. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో స్త్రీలకి టికెట్టు లేదు. ఆ తర్వాత కొన్ని నెలలకి నేను జనగామ నుంచి సూర్యాపేట వెళుతున్నాను. నా పక్కన కిటికీ దగ్గర ఒక పెద్దామె. డెబ్భై దాటి ఉంటాయి. చేతిలో ఒక గుడ్డసంచి, అందులో ఒక నీళ్ల సీసా, అంతే. మాటల్లో పడ్డాం.

“ఏడికి పోతున్నవ్ అవ్వా?”

“సూర్యాపేట దాక.”

“ఏం పని మీద?”

“పనేం లేదు బిడ్డా. ఊకెనే. బస్టాండ్ల దిగి ఒక చాయ తాగుత. మర్ల గదే బస్సెక్కుత.”

ఎనిమిదొద్దులకి ఒకసారి ఇలా వెళ్లొస్తుందట. కిటికీ పక్క సీటు దొరక్కపోతే ఆ బస్సు వదిలేసి ఇంకోదాని కోసం ఆగుతుంది. తిరుమలగిరి దాటాక ఎవరి చేలో ఏం వేశారో, ఏ ఇంటికి కొత్తగా రంగు పూశారో, పోయిన వారానికీ ఈ వారానికీ ఏం మారిందో నాకు చూపిస్తూ వచ్చింది. ఒకచోట రోడ్డు పక్క చింతచెట్టు కొట్టేశారు. “పోయిన సారొచ్చినప్పుడు ఉండె” అని దిగి వెళ్లేదాకా దాన్ని గురించే మాట్లాడింది. పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ పొలానికో, పెళ్లికో, పురుడుకో, చావుకో తప్ప ఊరు దాటలేదు. పని లేకుండా ప్రయాణం చెయ్యటం ఈ వయసులో మొదలుపెట్టింది.

ఇంట్లో ఏమని చెప్పి వస్తావు అని అడిగాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “కంటి దవాఖాన అని చెప్త.”

నాకు ఆ ప్రయాణంలో బాగా గుర్తుండిపోయిన మాట అదే. ఆమె ఎందుకు అబద్ధమాడాలి? ముసలిదానికి జబ్బు ఉండొచ్చు, ఆ జబ్బు కోసం తిరగొచ్చు. దేవుడు ఉండొచ్చు, గుడికి వెళ్లొచ్చు. కూతురి పురుడుకీ, బంధువుల దినానికీ వెళ్లొచ్చు. ఇవన్నీ అనుమతించిన కారణాలు. ‘నాకు వెళ్లాలనిపించింది’ అన్నది మాత్రం కారణం కాదు. భక్తిని నేను తక్కువ చెయ్యటం లేదు. కార్తీక వనభోజనాలకీ, మేడారం జాతరకీ వెళ్లే పెద్దవాళ్ల ముఖాల్లో వెలుగు మీరూ చూసి ఉంటారు. కానీ ఆ వెలుగులో భక్తి ఎంత, నలుగురు ఆడవాళ్లు కలిసి రాత్రంతా ట్రాక్టరులో కబుర్లు చెప్పుకుంటూ వెళ్లటం ఎంత అన్నది వాళ్లకే తెలుసు. ఇంటివాళ్లు అనుమతి ఇచ్చేది మొదటిదానికి. రెండోదాన్ని వీళ్లు దాని చాటున తెచ్చుకుంటారు.

ఉచిత బస్సు గురించి ఎంత వెటకారం నడిచిందో మీకు తెలుసు. 2024లో బస్సులో కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలుచుకుంటున్న ఆడవాళ్ల మీద ఎన్ని జోకులు! పనీపాటా లేక తిరుగుతున్నారని విమర్శ. మనం దానికి జవాబుగా ‘లేదు, వాళ్లు కూలికి వెళుతున్నారు, ఆసుపత్రికి వెళుతున్నారు, చదువుకోటానికి వెళుతున్నారు’ అని లెక్కలు చూపించాం. అవి నిజమైన లెక్కలే. కానీ అలా చెప్పటంలో మనమూ పని లేకుండా తిరగటం తప్పే అని ఒప్పేసుకున్నాం. ముంబాయిలో స్త్రీలు, బహిరంగ స్థలాల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రానడే కలిసి రాసిన ‘వై లాయిటర్?’ 2011లో వచ్చింది. ఏ పనీ లేకుండా వీధిలో నిలబడగలగటం కూడా స్త్రీల హక్కేనని వాళ్లు వాదించారు. మన దగ్గర దాన్ని చదివినవాళ్లు ఎక్కువగా కాలేజీ ఆడపిల్లల గురించే ఆలోచించారు. ఆ అవ్వ గురించి ఆలోచించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో కూడా 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చింది. రెండు చోట్లా గుర్తింపు కార్డు చూపించాలి. ఆ కార్డు చాలా ఇళ్లల్లో కొడుకు బీరువాలో ఉంటుంది. ‘నీ దగ్గరుంటే పారేస్తావు’ అంటారు. టికెట్టుకి డబ్బు అక్కర్లేకపోయినా బీరువా తెరవమని అడగాల్సిందే.

పింఛను సంగతి కూడా ఈ కోణం నుంచి చూడాలి. కేంద్రం వాటాగా 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకి నెలకి 200 రూపాయలు, 80 దాటితే 500. మిగిలింది రాష్ట్రాలు కలుపుతాయి. తెలంగాణలో అది 2019లో 2,016 అయింది, ఆంధ్రలో 2024లో 4,000 అయింది. ఈ డబ్బు మందులకీ, ఇంటి ఖర్చుకీ పోతుందని మనం రాస్తాం. కానీ పింఛను అందిన రోజున ముసలమ్మలు మొట్టమొదట ఏం కొంటారో ఎప్పుడన్నా గమనించారా? నాలుగు మిరపకాయ బజ్జీలు, మనవడికి ఒక బిస్కెట్ ప్యాకెట్టు, ఆకూ వక్కా, ఒక గోళీ సోడా. ఒకామె నాతో, “నేను పెడితే తినేవాళ్లున్నారు కదమ్మా ఈ ఒక్కరోజూ” అంది. తన చేత్తో డబ్బిచ్చి ఒక వస్తువు ఎంచుకోవటం, ఇది వద్దు అది ఇవ్వమనటం, చిల్లర లెక్కపెట్టుకోవటం. నలభై ఏళ్లు కూలి చేసిన మనిషికి కూడా అది కొత్తే. ఎందుకంటే ఆ కూలి డబ్బు ఎప్పుడూ ఇంటి గల్లాపెట్టెలోకే పోయింది.

దీన్లో ఒక చిక్కు ఉంది. ఆంధ్రలో 2020 ఫిబ్రవరి నుంచి పింఛను ఇంటికే తెచ్చి ఇవ్వటం మొదలైంది. మంచం దిగలేని వాళ్లకి అది ఎంత మేలో చెప్పక్కర్లేదు. దాన్ని తప్పుపట్టేవాళ్లలో నేను లేను. కానీ నడవగలిగిన ఒకామె మాత్రం నాతో ఇలా అంది: “ఇదివరకు ఒకటో తారీకున పంచాయితీ ఆఫీసు దగ్గర మా ఈడోళ్లం ఇరవై మందిమి కలిసేవాళ్లం. ఇప్పుడు ఆళ్లలో ఎవరు బతికున్నారో కూడా తెలీదు.” ఎండలో గంటలు గంటలు నిలబెట్టిన క్యూని మనం మళ్లీ కోరుకోవద్దు. ఆ క్యూలో ఇంకేదో కూడా దొరికేదనీ, దాన్ని ఇంటికి తెచ్చి ఇవ్వటానికి ఎవరూ రాలేదనీ మాత్రం గుర్తించాలి.

ఇలా పోయిన స్థలాలు చాలా ఉన్నాయి. నూతి గట్టు, చెరువు రేవు, ఇంటి ముందు అరుగు. కుళాయి వచ్చి నీళ్ల మోత తప్పింది, మంచిదే. చేదబావి దగ్గర దళిత స్త్రీలు ఎవరన్నా నీళ్లు పోస్తారేమోనని గంటల తరబడి ఎదురుచూడవలసి వచ్చిన రోజుల్ని తలుచుకుంటే ఆ నూతి గట్టు కబుర్లని అందరి కబుర్లూ అనలేం. అయినా ఆడవాళ్లు ఒకచోట చేరటానికి ఉన్న చోటు అది. దాని బదులు ఇంకో చోటు ఎవరూ కట్టలేదు. ఇప్పుడు కడుతున్న ఇళ్లకి అరుగులు లేవు, గేటూ గ్రిల్లూ ఉంటాయి. హైదరాబాదు అపార్టుమెంటుల్లో లిఫ్టు పక్క రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చునే పెద్దవాళ్లని చూడండి. వాచ్‌మన్ భార్యతో మాట్లాడుతూ, వచ్చేపోయేవాళ్లని లెక్కపెడుతూ వాళ్లు తమకొక అరుగు కట్టుకున్నారు. అసోసియేషను వాళ్లు ఆ కుర్చీలు ‘బాగుండటం లేదు’ అని తీయించేస్తారు. అమెరికాలో కూతురి పురుడుకి వెళ్లి ఆరునెలలు ఉండే మన తల్లుల పరిస్థితి దీనికి ఇంకో రూపం. కారు నడపటం రాదు, తలుపు తీస్తే మనిషి కనపడడు. సాయంత్రం స్ట్రోలరు తోసుకుంటూ వెళితే ఇంకో తెలుగు అమ్మమ్మ ఎదురుపడటమే ఆ రోజుకి పండగ.

కులం, వర్గం మర్చిపోయి ముసలితనమంటే అందరికీ ఒకటే అనుకుంటే పొరపాటు. పై కులాల్లో భర్త పోయిన స్త్రీని పేరంటానికి పిలవరు. పసుపు కుంకాలతోపాటు, నలుగురిలో నవ్వుతూ కూర్చునే మధ్యాహ్నాలు కూడా ఆమె నుంచి తీసేసుకుంటారు. కూలి చేసే ఇళ్లల్లో డెబ్భై ఏళ్లకీ నాట్లకి వెళ్లాల్సిందే. అలా వెళ్లే ఒకామెని ‘ఇంకా ఎందుకమ్మా’ అంటే, “ఇంట్లో ఉంటే నాతో ఎవరు మాట్లాడతారు?” అంది. కూలి గుంపులో పాట ఉంది, వేళాకోళం ఉంది, ఎవరి మొగుడి మీదో ఒక జోకు ఉంది. పేదరికం వల్ల చేస్తున్న పనిని సరదా అని పేరు పెట్టి ఒప్పించటానికి చెప్పటం లేదు. ఆమెకి విశ్రాంతి ఇస్తామంటున్నప్పుడు గుంపుని కూడా తీసేస్తున్నామా అని అడుగుతున్నాను.

ఉత్తరాంధ్ర తీరంలో ముసలమ్మలు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో కేన్సరు వస్తుందని వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నారు. అది నిజం, మానమని చెప్పాల్సిందే. మానమన్న ఒక ఆరోగ్య కార్యకర్తతో ఒకామె అన్న మాట నేను విన్నాను: “చుట్ట కాల్చినంతసేపే కదమ్మా నేను కూకునేది. అది మానేస్తే మల్లీ లెగమంటారు.” ఆమెకి పొగాకు ఎంత వ్యసనమో ఆ పది నిమిషాలూ అంతే వ్యసనం. చుట్ట తీసేసేవాళ్లు ఆ పది నిమిషాలు ఎక్కణ్ణుంచి తెచ్చి ఇస్తారో కూడా ఆలోచించాలి.

ఇక మన ఉద్యమాల వైపు చూద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి మొదలై సారా దుకాణాలు మూయించిన స్త్రీలు ఇప్పుడు అరవైల్లో, డెబ్భైల్లో ఉన్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది వాళ్ల వల్లనే. అక్షరాస్యత తరగతులూ, భర్తల తాగుడూ, వేలంపాటలూ – వీటి గురించి మనం ఎన్నో వ్యాసాలు రాశాం. ఆ రోజుల్లో ముప్ఫై ఏళ్లున్న ఒకామె ఇప్పుడు నాకు చెప్పింది వేరు. చీపురుకట్టలూ కారప్పొడీ పట్టుకుని, గుంపుగా ఊరి చివర సారా బండి కోసం కాపు కాసిన రాత్రులు. “రేత్రిపూట ఊరెట్టుంటదో అప్పుడే చూశా. చలేస్తా ఉన్నా నవ్వులే నవ్వులు.” ఉద్యమం అన్యాయం మీద కోపంతో మాత్రమే నడవదు. వాళ్లు పొద్దుగూకటం కోసం ఎదురుచూశారు. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’లో తెలంగాణ సాయుధ పోరాటం గురించి చెప్పిన స్త్రీల గొంతుల్లో కూడా ఆ ఉద్వేగం వినిపిస్తుంది. నెల్లూరు ఆమెని ఇప్పుడు చీకటిపడితే వీధిలోకి వెళ్లొద్దంటాడు కొడుకు. పడిపోతావమ్మా అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ వీధి దీపం వెయ్యమని పంచాయితీని అడిగేవాళ్లు లేరు, ఆమెని లోపల ఉండమనేవాళ్లే ఉన్నారు.

ఇంకో విచిత్రం చూడండి. గుంటూరు జిల్లాలో మస్తానమ్మ వంట చేస్తుంటే యూట్యూబులో లక్షల మంది చూశారు. ఆమె 2018లో చనిపోయినప్పుడు దేశ విదేశాల పత్రికలు రాశాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ ‘మై విలేజ్ షో’తో తారైంది. 2020లో బిగ్‌బాస్ ఇంటికి వెళ్లింది. ఆమె నోటికి అదుపు లేకపోవటమే అందరికీ ముచ్చట. సెల్‌ఫోనులో గంగవ్వని చూసి పడీపడీ నవ్విన ఇంట్లోనే, పక్కగదిలో అమ్మ కాస్త గట్టిగా నవ్వితే ‘ఏంటమ్మా ఆ గోల’ అంటారు.

వారపత్రికలూ, టీవీలూ ఈ మధ్య పెద్దవాళ్లకి సలహాలు ఇస్తున్నాయి. పొద్దున్నే నడవండి, మొక్కలు పెంచండి, కొత్త హాబీ నేర్చుకోండి, చిన్న చిన్న విషయాల్లో ఆనందం వెతుక్కోండి. వినటానికి బాగుంటుంది. నాకు దీంతో పేచీ ఏమిటంటే, వెతుక్కోవలసిన బాధ్యత కూడా ఆమె నెత్తినే పెట్టారు. ఆమె వెతకటం మానెయ్యలేదు. ఏడు గంటలకి పూసే మల్లెమొగ్గ కోసమో, పెరట్లో పిల్లి ఎన్ని పిల్లల్ని పెట్టిందో చూడటానికో, ఎదురింట్లో దిగబోయే కొత్త అద్దెవాళ్ల కోసమో ఆమె రోజూ ఎదురుచూస్తూనే ఉంది. ఆమెకి తక్కువైంది తన చేతిలో పది రూపాయలు, తన కార్డు తన దగ్గర ఉండటం, కూర్చోటానికి ఒక చోటు, ఎక్కడికి ఎందుకు అని అడగని మనుషులు. ఇవి లేకుండా ఆనందంగా ఉండమనటం ఎగతాళి.

మనం గ్రామాల్లో వాడే సర్వే ఫారాలు నేను చూశాను. రేషను కార్డు ఉందా, పింఛను వస్తోందా, వేలిముద్ర పడుతోందా, కన్ను కనిపిస్తోందా, ఎవరన్నా కొడుతున్నారా. వీటిలో ఒక్కటీ తీసెయ్యక్కర్లేదు. కానీ వాటి తర్వాత ఇంకో రెండు అడగండి: ఏ పనీ లేకుండా, మీకు వెళ్లాలనిపించి, ఆఖరుసారి ఎక్కడికి వెళ్లారు? రేపు దేనికోసం ఎదురుచూస్తున్నారు? జవాబుకి అవునూ కాదూ గడులు పెట్టొద్దు, నాలుగు గీతలు ఖాళీగా వదలండి. కోడలి ముందు అడగొద్దు, కొడుకు ముందు అసలే అడగొద్దు. పొదుపు సంఘాల్లో అరవై దాటినవాళ్లని అప్పు తీర్చలేరని పక్కన పెట్టే చోట్ల, కనీసం వాళ్లు కలిసి కూర్చునే రోజునైనా రద్దు చెయ్యొద్దు. సంఘం గది తాళంచెవి నెలకోసారి వాళ్ల చేతికి ఇవ్వండి. లోపల ఏం చేస్తారో ప్రణాళిక అడక్కండి. అష్టాచెమ్మా ఆడుకుంటారో, వామనగుంటలు ఆడతారో, మనల్నే ఆడిపోసుకుంటారో వాళ్లిష్టం.

నాకిచ్చిన సమయం అయిపోయింది. ఇందాకటి నుంచి వెనక వరసలో పన్నెండుమంది పెద్దవాళ్లు కూర్చుని ఉన్నారు. నేను మాట్లాడుతుంటే రెండుసార్లు నవ్వారు, ఒకసారి కాదన్నట్టు తల ఊపారు. దేనికి కాదన్నారో నేను వినాలి. వాళ్ల బస్సు సాయంత్రం అయిదింటికి. అందుకని భోజనాల తర్వాత మొదట వాళ్లకే మైకు ఇవ్వమని అధ్యక్షురాలిని కోరుతున్నాను.